ఆమె ఓర్చుకుంది, మనం మెచ్చుకున్నాం

(బళ్ళారి కంటోన్మెంట్‌లో ఒక తల్లి మొదటి జ్ఞాపకార్థ కూడికలో చేసిన ప్రసంగ పాఠం. కుటుంబం కోరిక మేరకు ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు.)



మన తల్లి మనల్ని విడిచి నేటికి సంవత్సరం. ఈ కూడికలో వాక్యం చెప్పమని ఆమె బిడ్డలు మమ్మల్ని అడిగారు. చిన్న కూతురు ఒక మాట కూడా అడిగింది. "అయ్యగారూ, మా అమ్మను దేవత అని మాత్రం చెప్పొద్దండి. జరిగింది జరిగినట్టు చెప్పండి" అంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. జరిగింది చెప్పాలంటే మా సంగతి కూడా చెప్పాలి. అందుకే ఇది ఆమె మీద పొగడ్త కాదు. మన సంఘం ముందు, ఆమె బిడ్డల ముందు మా ఒప్పుకోలు అనుకోండి.

ఆమె బ్రతుకు

ఆమె పుట్టింది ఆలూరు వైపు ఒక పల్లెలో. ఒకప్పుడు అదీ బళ్ళారి జిల్లాయే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. గీత పడింది గానీ పెళ్ళిళ్ళు ఆగలేదు. పదిహేడేళ్ళకు ఈమెను కంటోన్మెంట్‌కు కోడలుగా తెచ్చారు. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో కన్నడ. బైబిలు తెలుగు, రేషన్ కార్డు కన్నడ. ఈ సందుల్లో మన ఇళ్ళన్నీ అట్లాంటివే.

పెళ్ళయి వచ్చేనాటికి ఆమెకు చదువు రాదు. స్త్రీల కూడికలో కీర్తనల పుస్తకం చేత పట్టుకుని, పాట ముందే నోటికి వచ్చు కాబట్టి, నోటికి వచ్చిన మాటకు కింద ఏ అక్షరం ఉందో వెతుక్కుంటూ చదవడం నేర్చుకుంది. ముప్పై ఏళ్ళు దాటాక నేర్చిన చదువు అది. ఆ పుస్తకానికి నీలం జీన్స్ గుడ్డముక్కతో అట్ట కుట్టుకుంది. ఆ గుడ్డ ఆమె కూలి పని నుంచి వచ్చింది. ఈ ఊరి జీన్స్ దేశమంతా పోతుంది, మీకు తెలుసు. కుట్టిన ప్యాంట్లు మూటలుగా ఇంటికి తెచ్చుకుని, మిగిలిన దారాలు కత్తిరించి, లెక్కపెట్టి, మళ్ళీ మూట కట్టి పంపే ఆడవాళ్ళు మన వీధిలో ఎంతమందో! ముక్కకింత అని ఇస్తారు. అందులో సెలవు లేదు, జబ్బు చేస్తే జీతం లేదు. లారీ నడిపే భర్త చిన్న వయసులోనే చనిపోయాక ముగ్గురు పిల్లల్ని ఆ కత్తెర మీదే పెంచింది.

శనివారం సాయంత్రం గుడి ఊడ్చేది ఆమె. ప్రభువు బల్లమీది తెల్లగుడ్డ ఉతికి గంజి పెట్టేది ఆమె. క్రిస్మస్ భోజనాలకు పెద్ద గుండిగల దగ్గర తెల్లవారుజామున మూడింటికే పొయ్యి రాజేసేది ఆమె. సంఘ కమిటీలో మాత్రం ఆమె ఎన్నడూ లేదు. ఉండమని ఎవరమూ అడగలేదు. అడగాలని మాకు తోచలేదు కూడా.

ఆమెకు కోపం వచ్చేది. ఆ సంగతి చెప్పకపోతే ఆమె కూతురు మమ్మల్ని క్షమించదు. కానుక సంచిలో చెల్లని నాణెం వేసిన పెద్దమనిషిని గుడి మెట్ల మీద నిలబెట్టి అడిగింది ఒకసారి. కొడుకు బడి ఎగ్గొడితే కత్తెర పట్టుకునే వెంటబడింది. తమాషాలు చేసేది, నవ్వించేది. ఇంతగా నోరున్న మనిషి తన ఒంటి సంగతి దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంది. ఎందుకు? ఈ రోజు మేము మీ ముందు పెట్టే ప్రశ్న ఇదే.

ఆమె మరణం

ఆమెకు యాభై దాటాయి. ముట్టు ఆగిపోయి రెండేళ్ళయింది. ఒకరోజు మళ్ళీ రక్తం కనబడింది. వేడి చేసిందనుకుంది. బళ్ళారి ఎండకు అన్నీ వేడే కదా! సబ్జా నీళ్ళు తాగింది. ఆగింది, మళ్ళీ వచ్చింది. నడుము నొప్పి మొదలైంది. మూటల దగ్గర వంగి కూర్చుంటే అందరికీ నడుము నొప్పే కాబట్టి దాన్నీ లెక్కచేయలేదు. అట్లా ఏడాదిన్నర గడిచింది.

ఆ ఏడాదిన్నరలో మేము ఆమెను ప్రతి ఆదివారం చూశాం. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి వెనక తలుపు దగ్గర చాప మీదికి మారింది. మేము దాన్ని తగ్గింపు అనుకున్నాం. కొన్ని నెలలు ప్రభువు బల్ల దగ్గరికి రాలేదు. ఎవరితోనో మనస్పర్థలు ఉండి ఉంటాయనుకున్నాం. ఉపవాస కూడికలో "ఒక కుటుంబ సమస్య కొరకు ప్రార్థించండి" అంది. ఏ సమస్య అని అడగకుండానే ప్రార్థన చేశాం.

ఇంకా పెద్ద తప్పు ఒకటి ఉంది. ఆ మే నెలలో తల్లుల దినం నాడు ప్రసంగ పీఠం మీద నుంచి ఆమెను చూపించి, "ఈ తల్లిని చూడండి. భర్త పోయాడు, కష్టాలు వచ్చాయి. ఏనాడైనా సణిగిందా? ఏనాడైనా నాకు ఇది కావాలని అడిగిందా? ఓర్పు అంటే ఇది" అని చెప్పాం. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆమె తల వంచుకుని కూర్చుంది. శాలువా కప్పాం.

తర్వాత నాలుగు నెలలకు, ఒక శనివారం, గుడిలో నేల తుడుస్తూ తుడుస్తూ పడిపోయింది. మా ఇంటావిడ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్, మూడో దశ అన్నారు. బెంగళూరు పంపారు. అయిదు వారాలు రేడియేషన్ చేయించుకుని వచ్చింది. ఏడు నెలలు బ్రతికింది.

చివరి రోజుల్లో మా ఇంటావిడ పక్కన కూర్చుని అడిగింది, "ముందే ఎందుకు చెప్పలేదు వదినా, నాకైనా చెప్పొచ్చు గదా" అని. ఆమె చెప్పిన జవాబు ఇది. "చెప్దామనే అనుకుంటి పాస్టరమ్మా. తల్లుల దినం అయినాక నీ దగ్గరికే వద్దామనుకుంటి. ఆ ఆదివారం అయ్యగారు నన్ను గురించి అంత గొప్పగా చెప్పె. ఇంక ఏ మొగం పెట్టుకుని చెప్పుకునేది?"

ప్రియులారా, ఆమెను మేము చంపామని అనం. జబ్బు చంపింది. కానీ నోరు తెరవడానికి సిద్ధపడ్డ ఒక స్త్రీ నోటికి మా పొగడ్త తాళం వేసింది. ఆమె నొప్పిని ఓర్చుకుంటుంటే మనం దానికి భక్తి అని పేరు పెట్టాం.

ఈ జబ్బు సంగతి

గుడిలో ఇవి మాట్లాడవచ్చా అని కొందరు పెద్దలు అనుకుంటూ ఉండవచ్చు. మాట్లాడకపోవడం వల్లనే మనం ఈ రోజు ఇక్కడ కూర్చున్నాం. కాబట్టి తెలుసుకున్నంతవరకు తేటగా చెబుతాం.

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఇది శారీరక సంబంధం ద్వారా సోకుతుంది. అంత మాత్రాన "ఏం పాపం చేసిందో" అనే నోళ్ళు లేవవలసిన పని లేదు. కాపురం చేసే స్త్రీ పురుషుల్లో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. చాలామందిలో దానంతట అదే పోతుంది. జీవితమంతా ఒక్క భర్తతోనే బ్రతికిన స్త్రీకి కూడా ఇది రావచ్చు. ఇది జబ్బు, శాపం కాదు. కొందరిలో ఆ వైరస్ పోకుండా నిలిచిపోతే, గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు మారడం మొదలవుతుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. దేవుడు మనకు ఎంత సమయం ఇచ్చాడో చూడండి! ఆ సమయంలో ఒక్కసారి పరీక్ష చేయించుకుని, మార్పు కనబడితే ఆ మచ్చను తీయించుకుంటే చాలావరకు క్యాన్సర్ దాకా రాదు.

అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను, ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, అవునన్నవాళ్ళు దేశం మొత్తంలో నూటికి ఇద్దరు కూడా లేరు.

పరీక్ష అంత ఖరీదైనదా? కాదు. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు 1998లో మొదలుపెట్టి సుమారు 1,50,000 మంది స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. పదో తరగతి దాకా చదివిన ఆడవాళ్ళకు కొద్ది వారాలు శిక్షణ ఇచ్చారు. వాళ్ళు వాడింది పలచటి వెనిగర్. దాన్ని దూదితో అద్దితే మారిన కణాలు తెల్లగా కనబడతాయి. రెండేళ్ళకు ఒకసారి అట్లా చూసిన స్త్రీలలో ఈ జబ్బు మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో వెల్లడించారు. సిలువ దగ్గర స్పంజీలో ముంచి ప్రభువుకు అందించిన చిరక మనకు తెలుసు. అట్లాంటి పుల్లటి నీళ్ళే ఈ రోజు ఒక తల్లి ప్రాణాన్ని కాపాడగలవు. 30 దాటిన స్త్రీలకు ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మన ఆశా కార్యకర్తను అడగండి.

ఆడబిడ్డలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయించే టీకా ఉంది. మన దేశంలో, పూణేలో తయారైన టీకాకు 2022లో అనుమతి వచ్చింది. టీకా, పరీక్ష, చికిత్స ఈ మూడూ అందితే ఈ జబ్బును లోకంలోనే దాదాపు లేకుండా చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యం పెట్టుకుంది.

ఈ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి తల్లులారా: ముట్టు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడటం, నెలకూ నెలకూ మధ్య రక్తం, భర్తతో కలిసిన తర్వాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట, తగ్గని నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి. ఇవన్నీ క్యాన్సరే అని కాదు. కానీ ఒక్కటి కనబడినా డాక్టరుకు చూపించాలి. "వేడి చేసింది" అని ఇంట్లో కూర్చోకూడదు.

వాక్యంలో ఇద్దరు స్త్రీలు

మొదటి సమూయేలు గ్రంథంలో హన్నా దేవాలయంలో కన్నీళ్ళతో ప్రార్థిస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమె పెదవుల కదలిక చూసి తాగి వచ్చిందనుకున్నాడు. ఏలీ చెడ్డవాడు కాదు. గుమ్మం దగ్గరే కూర్చున్నాడు, చూస్తూనే ఉన్నాడు. చూసినదాన్ని తప్పుగా చదివాడు. మేము కూడా చూస్తూనే ఉన్నాం. వెనక చాప మీద కూర్చున్న మనిషిని చూసి తగ్గింపు అని చదివాం. హన్నాకు ధైర్యం ఉంది, యాజకుడికే ఎదురు చెప్పి తప్పు దిద్దింది. మన తల్లికి ఆ వీలు లేకుండా శాలువా కప్పాం.

రెండో స్త్రీ మార్కు సువార్త అయిదో అధ్యాయంలో ఉంది. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడింది. వైద్యులకు ఉన్నదంతా పోసింది. లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం ఆమె అపవిత్రురాలు, ఎవరినీ తాకకూడదు. అందుకే వెనక నుంచి వచ్చి వస్త్రం ముట్టింది. స్వస్థత అక్కడే కలిగింది. కథ అంతటితో అయిపోవచ్చు. యాయీరు కూతురు చావు బ్రతుకుల్లో ఉంది, తొందర ఉంది, జనం తోసుకుంటున్నారు. అయినా ప్రభువు ఆగాడు. ఎవరు ముట్టారని అడిగాడు. ఆమె వణుకుతూ వచ్చి జరిగినదంతా చెప్పేదాకా నిలబడ్డాడు.

ఎందుకు నిలబడ్డాడని మేము చాలాసార్లు అనుకున్నాం. ఆమె విశ్వాసాన్ని మెచ్చుకోవడానికి అని మేమే ప్రసంగించాం. ఇప్పుడు ఇంకోటి కనబడుతోంది. ఆమె ఒంటి సంగతి, పన్నెండేళ్ళ సంగతి, పదిమంది మధ్య పూర్తిగా వినడానికి నిలబడ్డాడు. ఆమె ఓర్పును ఆయన మెచ్చుకోలేదు. ఆమె మాట విని, ఆ తర్వాతనే కుమారీ అని పిలిచాడు. ఆ స్త్రీ కూడా వెనక నుంచే వచ్చింది, మన తల్లి కూడా వెనకే కూర్చుంది. ఎవరు ముట్టారని ఆయన వెనక్కి తిరిగి అడిగాడు. మేము తిరిగి అడగలేదు.

మనకొక వారసత్వం ఉంది

కంటోన్మెంట్ బిడ్డలకు ఇది తెలియాలి. ఈ ఊరికి 1810లోనే లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ వచ్చాడు. కన్నడ బైబిలు అనువాదం కోసం ఏళ్ళ తరబడి శ్రమపడ్డాడు. మనుషులు తమ భాషలో వినాలని, చదవాలని పడిన కష్టం అది. అదే సొసైటీవాళ్ళు జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి పెట్టారు. వేలూరు సంగతి మీ అందరికీ తెలుసు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణీ స్త్రీల కోసం సహాయం అడగడానికి వచ్చారు. మగ డాక్టరును రానివ్వమన్నారు. ముగ్గురూ చనిపోయారు. అది చూసిన అమ్మాయి ఐడా స్కడర్ అమెరికా వెళ్ళి డాక్టరై తిరిగి వచ్చి, 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది. ఆ మూడు చావులకు ఆమె "దేవుని చిత్తం" అనేసి ఊరుకోలేదు. మనమైతే ఇప్పుడు సమాధి దగ్గర ఆ మాటే ముందు అంటున్నాం.

2024 నవంబరులో మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ అయిన తల్లులు ఒకరి తర్వాత ఒకరు, అయిదుగురు, చనిపోయారు. ఎక్కించిన సెలైన్ మీద అనుమానం వచ్చింది, దాని వాడకం ఆపారు, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేశారు. పసిబిడ్డలు పాలు లేక మిగిలారు. మనం ఆదివారం ప్రార్థన చేశాం. ప్రార్థన సరైనదే. ఆ తర్వాత ఆ ఇళ్ళకు ఎవరైనా వెళ్ళామా? ఎక్కడ తప్పు జరిగింది, రేపు జరగదని హామీ ఏది అని ఒక్క అర్జీ అయినా పెట్టామా? పెట్టలేదు. ఇంట్లో తల్లి తన నొప్పి దాచుకోవడం, ఊళ్ళో తల్లులు చనిపోతే సంఘం నోరు మెదపకపోవడం రెండూ ఒకే అలవాటు. మన తల్లులకు ఆ అలవాటు నేర్పింది మనమే.

ఇప్పుడేం చేయాలి

ఈ ఏడాదిలో మొదలుపెట్టినవి కొన్ని చెబుతాం. గొప్పగా చెప్పుకోవడానికి కాదు, ఇతర సంఘాలవారు కూడా చేయగలరని.

నెలసరి గానీ, ఏ రక్తస్రావం గానీ ఏ స్త్రీనీ ప్రభువు బల్లకు దూరం చేయదని పీఠం మీద నుంచే చెప్పాం. చెప్పిన రోజు కొందరు పెద్దలు తల దించుకున్నారు. ఒక పెద్దాయన బయటికి వచ్చి "ఇవి గుడిలో మాట్లాడే మాటలా పాస్టరూ?" అన్నాడు. రక్తం గురించి ప్రతి ఆదివారం పాడుతున్నాం గదయ్యా, అన్నాం. మరుసటి వారం ఆయనే భార్యను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడు.

స్త్రీల కూడికలో మూడు నెలలకొకసారి నర్సమ్మను, ఆశా కార్యకర్తను పిలుస్తున్నాం. తెలుగులోనూ కన్నడలోనూ ఒంటి భాగాలకు పేర్లు పెట్టి మాట్లాడుకుంటున్నారు. మన తల్లికి తన నొప్పి ఎక్కడో చెప్పుకోవడానికి రెండు భాషలున్నా ఒక్క మాట దొరకలేదు. కానుకల్లో కొంత తీసి ఆటో ఖర్చుకు, పోయిన ఆ రోజు కూలికి పెట్టాం. దారాలు కత్తిరించే ఆడమనిషికి ఆసుపత్రికి పోయిన రోజంటే కూలి పోయిన రోజు. ఆ డబ్బు ఇవ్వకుండా "పరీక్ష చేయించుకో అమ్మా" అనడం వట్టి మాటే. ఇప్పటిదాకా కొందరు వెళ్ళారు. వారిలో ఒక అక్కకు మార్పు ముందే కనబడింది, చికిత్స అయింది. ఈ రోజు ఇదే గదిలో మన మధ్య కూర్చుని ఉంది.

సంఘ కమిటీలో ఇద్దరు స్త్రీలు వచ్చారు. ఇంకా రావాలి. తల్లుల దినాన శాలువాలు ఆపేశాం. ఆ రోజు తల్లులే మాట్లాడతారు, మేము కింద కూర్చుని వింటాం.

యౌవనస్థులారా, మీతో ఒక్క మాట. సామాజిక న్యాయం అని మనం ఢిల్లీ గురించి, బెంగళూరు గురించి మాట్లాడతాం. మాట్లాడాలి. మీ అమ్మ ఆరోగ్యం కూడా సామాజిక న్యాయమే. మీ చెల్లెళ్ళకు టీకా సంగతి డాక్టరును అడగండి. ఈ నెలలో ఒక రోజు అమ్మను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. మగపిల్లలు, ఇది ఆడవాళ్ళ పని అనుకోవద్దు. ఆ రోజు వంట మీరు చేయండి, మూట మీరు మోయండి. ఈ సాయంత్రం ఇంటికి పోయి, "ఒంట్లో ఎట్లుందమ్మా?" అని అడగండి. "నాకేమైంది, బాగానే ఉన్నా" అంటుంది. మన తల్లి కూడా మాతో అదే అంది, మేము నమ్మి వెళ్ళిపోయాం. మీరు వెళ్ళిపోకండి. పక్కన కూర్చుని ఇంకోసారి అడగండి.

ఆమె కీర్తనల పుస్తకం చిన్న కూతురు ఈ రోజు తెచ్చింది. జీన్స్ గుడ్డ అట్ట అలాగే ఉంది. లోపలి పేజీ మీద, నేర్చుకున్న కొత్తల్లో, వంకర అక్షరాలతో తన పేరు తానే రాసుకుంది. ఆ పేరు గల మనిషిని మేము వినలేదు. ఆమె బిడ్డల ముందు, దేవుని ముందు, ఆ సంగతి ఒప్పుకుంటున్నాం.

జరిగినదంతా విన్న ప్రభువు మన సంఘానికి చెవులు ఇచ్చును గాక. మన తల్లులకు నోరు ఇచ్చును గాక. ఆమేన్.